నాయనమ్మ ఎండబట్టీ

మొన్న మా వెనక కిటికీకి అద్దం వెయ్యడానికి ఒకాయన వచ్చి, సంచిలోంచి లప్పం ముద్ద తీసి రెండు అరచేతుల మధ్య పాములా సాగదీస్తుంటే, ఆ అవిసెనూనె వాసన వంటింటి దాకా వచ్చింది. పోపు పెట్టబోతున్నదాన్ని పొయ్యి ఆర్పేసి వెళ్ళి అతని పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. "క్యా హువా అమ్మా?" అన్నాడు కంగారుగా. ఏమీ కాలేదు, నీ పని నువ్వు చేసుకో అన్నాను. మల్లెపూల వాసనకో, మామిడిపూత వాసనకో చిన్నతనం గుర్తొచ్చే వాళ్ళుంటారు. నాకు లప్పం వాసనకి వస్తుంది. ఏం చెయ్యను, ఎవరి రాత వాళ్ళది. అక్షరాలు నాకు నలభై ఐదేళ్ళకి వచ్చాయి, అదీ నా కూతురు చెవి మెలేసి నేర్పితే; అంతకుముందువన్నీ వాసనలుగానే దాచుకున్నాను. ఇప్పుడు వాసనల్లోంచి అక్షరాల్లోకి ఒంపుతున్నాను.

మా నాన్న నందిని గనిలో పనిచేసేవాడు. భిలాయి కొలిమిలో ఇనుము కరగాలంటే సున్నపురాయి పడాలి. ఆ రాయి నందిని గనుల్లోంచి రైలు డబ్బాలెక్కి వెళ్ళేది. విజయనగరం పక్క పల్లెల నుంచి పనికోసం వచ్చిన వాళ్ళం, ఒక వరసలో పన్నెండు క్వార్టర్లుంటే అందులో అయిదు మనవాళ్ళవే. రేకుల కప్పు, ముందొక అరుగు, వెనకొక దొడ్డి. ఆ ఊరి రంగు తెలుపు. దుమ్ము తెలుపు, వేపాకు తెలుపు, పని నుంచి వచ్చిన నాన్న కనుబొమ్మలు తెలుపు, మేక కూడా సాయంత్రానికి తెల్లమేకే అయిపోయేది. తొక్కుడుబిళ్ళ గళ్ళు గియ్యడానికి మాకు సుద్దముక్క కొనే బాధ లేదు, కాలికి తగిలిన రాయల్లా గీస్తే పలికేది. మధ్యాహ్నం గనిలో మందుగుండు పేల్చేముందు సైరను మోగేది, అది వినగానే వరస వరసంతా కిటికీ తలుపులు బార్లా తీసేవాళ్ళు, మూసి ఉంటే అద్దాలు పగులుతాయని. తర్వాత నేల లోపల్నుంచి ఎవరో భుజంతో గుద్దినట్టయ్యేది, అటకమీద గిన్నెలు గలగలమనేవి, ఎవరింటి గిన్నెలు ముందు మోగుతాయో అని మేం పిల్లలం చింతగింజలు పందెం కాసుకునేవాళ్ళం. హోలీ వెళ్ళాక గాలి వేడెక్కగానే, గనికి అవతలున్న పల్లెల్లో ఇప్పపూలు రాలి, ఆ మత్తు తీపి వాసన తెల్లారగట్ల మా అరుగుల దాకా కొట్టుకొచ్చేది. ఆ పల్లెల ఆడవాళ్ళు శనగపిండితో ఠేఠరీలు వండి అమ్మకి పెడితే, అమ్మ వాళ్ళకి బొబ్బట్లు పెట్టేది. వాళ్ళ బోరేబాసీ, మన చద్దన్నం ఒకటే అని తెలిసిన రోజున మా అమ్మ పడిన సంబరం ఇంతా అంతా కాదు.

అన్నీ బాగానే ఉండేవి, నీళ్ళు తప్ప. బావిలో నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉండేవి. చూసి మోసపోవాలి. సున్నపురాయి పొరల్లోంచి ఊరిన నీళ్ళు కదా, సబ్బు రుద్దితే నురగ రాదు, విరిగిన పాలలా పొరలు కడుతుంది. తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టి, అమ్మ దాన్ని నెలకోసారి రాయితో కొట్టి రాలగొట్టేది. అన్నిటికంటే పెద్ద గండం కందిపప్పు. పొద్దున్న పొయ్యెక్కించిన పప్పు మధ్యాహ్నం సైరను మోగే వేళకి కూడా పలుకు పలుకుగా, ఎక్కించినప్పుడెంత గట్టిగా ఉందో దించినప్పుడూ అంతే గట్టిగా, నీళ్ళ మీద అలిగినట్టు కూర్చునేది. మేం పళ్ళున్న వాళ్ళం, నమిలేసేవాళ్ళం.

నాయనమ్మకి పళ్ళు రెండే. అవి కూడా ఎదురెదురుగా లేవు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, తాతయ్య పోయిన ఏడాది, దీపావళి వెళ్ళాక నాన్న ఊరికెళ్ళి ఆవిడని తీసుకొచ్చాడు. పొట్టి మనిషి, చుట్ట కాల్చి కాల్చి గోధుమరంగు తేలిన పెదాలు, చెవులకి బరువైన కమ్మలు, నడుస్తుంటే ఇంట్లో బిందె దొర్లుతున్నట్టుండేది. తమ్ముళ్ళిద్దరూ హిందీ బడికి వెళ్ళేవాళ్ళు, నేను వెళ్ళేదాన్ని కాదు. ఎందుకని అడక్కండి, పంపాలని ఎవరికీ తోచలేదు, అంతే. రోజుకి పది బిందెలు మొయ్యడం నా బడి. అలాంటి నాకు నాయనమ్మ రావడం పండగొచ్చినట్టయింది. తల దువ్వేది, పేలు కుక్కేది, దెయ్యాల కథలు చెప్పి భయపెట్టి, ఆ భయానికి మళ్ళీ తనే పక్కలో పడుకోబెట్టుకునేది. అమ్మ నన్ను తిడితే, "గుంటనేటే అలా కసుర్తావు, అదేటి నీ అత్తా?" అని అడ్డం పడేది. ఇంట్లో నా తరఫున మాట్లాడే నోరు అదొక్కటే.

ఆ నోటికి పప్పు దిగలేదు. మూడు నెలలు ఓర్చుకుంది. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వచ్చింది. ఉపవాసం మర్నాడు నాన్న ఎదురుగా కంచం ముందుకి తోసేసింది.

"ఏట్రా ఇది, పప్పా గులకరాళ్ళా? నానేటి కోడినా, రాళ్ళు మింగి అరిగించుకోడానికి?"

"నీళ్ళు అలాటివమ్మా, నానేటి సెయ్యను?"

"ఈ నీళ్ళు ఇంకో ఏడాది తాగితే నా కడుపులోనే గని తవ్వుకోవచ్చు మీరు. కూకుంటే కూకున్నట్టు, తొంగుంటే తొంగున్నట్టు, నీ పెళ్ళాం నన్ను పుల్ల కూడా ముట్టనీదు. శామ్యేలోలు మంచి శుక్రవారానికి ఊరెల్తన్నారట. ఆళ్ళతో ఎల్లిపోతాను."

ఊళ్ళో ఆవిడకి ఎవరూ లేరు. పాక ఒకటుంది, అదీ వానకి ఒకవైపు ఒరిగిపోయింది. అయినా వెళ్తానంటే వెళ్ళే రకం. ట్రంకు పెట్టె మంచం కింద నుంచి బయటికొచ్చి గోడవారన చేరింది. నేను ఆ రాత్రి నుంచి అన్నం సగమే తిన్నాను. ఎవరూ గమనించలేదు, అది వేరే సంగతి.

శామ్యేలు మావయ్య మా రెండో ఇంటాయన, రైల్వే మనిషి. మూడు తరాల నుంచి వాళ్ళది రైలు కుటుంబం. ఆయన గని దగ్గర రైలు డబ్బాలు ఆగే సైడింగులో బ్యాటరీలకి నీళ్ళు పోసే పని చేసేవాడు. బ్యాటరీకి బావినీళ్ళు పొయ్యకూడదు, పోస్తే చచ్చిపోతుంది, దానికి ఆవిరి పట్టి దింపిన నీళ్ళు సీసాల్లో వచ్చేవి. నాన్న సిగ్గు విడిచి అడిగాడు, మా అమ్మ కోసం రోజుకో సీసా తేరాదా అని. మావయ్య చెంపలు వేసుకున్నాడు.

"బ్యాటరీ సరుకు నాను ముట్టను బావా. కానీ ఇనుకో. ఎనకటికి నాను పనిచేసిన షెడ్డులో మేడమీద అద్దం పెట్టె ఉండేది. అడుగున రేకు తొట్టి, అందులో మామూలు నీళ్ళు, పైన ఏటవాలుగా అద్దం. ఎండకి నీళ్ళు ఆవిరై అద్దానికి పట్టి, సుక్క సుక్కగా జారి గొట్టంలో పడేవి. సున్నం అడుగునే ఉండిపోతాది, నీళ్ళు మాత్రం వానసుక్కలాగ ఒస్తాయి. కట్టె ఒద్దు, బొగ్గు ఒద్దు. మన నెత్తిమీద ఎండకేటి తక్కువ?"

ఎండకి తక్కువ లేని మాట నిజం. నాన్న ఆ ఆదివారమే సైకిలు తొక్కుకుంటూ దుర్గ్ వెళ్ళి, పిల్లాడు పడుకునేంత అద్దం ఒకటి, బొంతలో చుట్టి వీపుకి కట్టుకుని తెచ్చాడు. వచ్చేటప్పుడు తొక్కలేదు, మొత్తం దారి నడిచే వచ్చాడు. వీపు వెనక బొంత జారిన చోట ఎండ తగిలి అద్దం మెరుస్తుంటే, దూరం నుంచి చూసిన మా తమ్ముడు "నాన్నకి లైటు ఎలిగింది" అని అరిచాడు. పాత సామాను పెట్టెల చెక్కతో మావయ్య బల్లంత పెట్టె కొట్టాడు. లోపల రేకు తొట్టి, దిగువ అంచున చీల్చిన వెదురుబద్ద, దాని చివర గొట్టం, గొట్టం కింద కూజా. పేలుళ్ళకి అద్దం పగలకుండా పెట్టె కింద గడ్డి కూరిన గోనెలు. సందులు పూడ్చడానికి లప్పం కావాలి, దానికి సున్నపురాయి పొడి కావాలి, పొడి కొట్టింది నేను. నాయనమ్మ తమలపాకులు దంచుకునే రోట్లోనే మూడు రోజులు కొట్టాను. అవిసెనూనె పోసి పిసికితే చేతులు పట్టుబట్టలా నునుపెక్కేవి, వాసన రాత్రి పక్కలోకి కూడా వచ్చేది. నాయనమ్మ ముక్కు మూసుకుని అటు తిరిగి పడుకునేది గానీ, ఏం చేస్తున్నారని ఒక్కసారి అడగలేదు. వెళ్ళిపోయే మనిషికి ఎందుకు?

ఉగాదికి రెండు రోజుల ముందు పెట్టె తయారైంది. ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. సున్నం ఊరికే దొరికే ఊళ్ళో ఆడదాని మర్యాదంతా సున్నంలో ఉంటుంది. పండగొస్తే గోడలు, అరుగులు, పొయ్యి గట్టు, తులసికోట, చివరికి బావిగట్టు మీది రాళ్ళు కూడా వేసుకోవాల్సిందే; వెయ్యని ఇల్లు మైల ఇల్లు. అత్తగారు తాగే నీళ్ళు ఊరే తొట్టి మరి! అమ్మ ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున లేచి, తొట్టి లోపల మూడు పూతలు సున్నం వేసి, నీలిమందు కూడా కలిపి, కొంగలా మెరిసేలా చేసి పెట్టింది. నాన్న చూసి మురిసిపోయాడు. మావయ్యకి కూడా ఏమీ తట్టలేదు. నీళ్ళు పోసి, అద్దం దించి, లప్పం పెట్టి, పెట్టెకి బొట్టు పెట్టి, ఉగాది పచ్చడి తిని అందరం చుట్టూ కూర్చున్నాం.

కూర్చున్నాం, కూర్చున్నాం. పులిహోర అయిపోయింది, బొబ్బట్లు అయిపోయాయి. సాయంత్రానికి కూజాలో గిద్దెడు నీళ్ళు. మర్నాడు గిద్దెడు. ఆ మర్నాడు దుమ్ము లేచింది, గిద్దెడు కూడా లేవు. నాన్న కూజా తలకిందులు చేసి చూసి, వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. వీపుకి అద్దం కట్టుకుని అన్ని మైళ్ళు నడిచిన మనిషి. మావయ్య గెడ్డం గోక్కుంటూ, "షెడ్డులో బాగానే ఒచ్చేవి బావా, ఏటి మాయ" అంటున్నాడు. నేను దొడ్డి గోడవారన నిలబడి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. శామ్యేలు మావయ్య వాళ్ళ ప్రయాణం బుధవారం, దానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

అప్పుడు నాయనమ్మ చుట్ట నోట్లో పెట్టుకుని దొడ్డిలోకొచ్చింది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. ఆవిరి ఎక్కడ పోతోందో అని పెట్టె అంచుల వెంట చెంప ఆనించి చూసింది. అద్దంలోంచి లోపలికి చూసింది. చూసి, ఆ రెండు పళ్ళూ కనపడేలా నవ్వడం మొదలుపెట్టింది, నవ్వి నవ్వి దగ్గొచ్చి కూలబడింది.

"ఓరి నీ బుద్ధి కాలిపోనూ! ఇది సారా బట్టీరా!"

నాన్న మొహం చూడాలి. మా నాన్న కల్లు వాసన తగిలితే రోడ్డు అవతలికి వెళ్ళే మనిషి.

"ఏటమ్మా ఆ మాటలు?"

"ఏటేటి? మా అమ్మగోరింట బెల్లపు బట్టీ ఉండేది. పెళ్ళయ్యేదాకా నానే సూసేదాన్ని. మీ నాన్నకి తెలిస్తే పెళ్ళి సేసుకునేవోడా? అందుకే సెప్పలేదు. నీకూ సెప్పలేదు. ఇప్పుడు సెప్తన్నాను, ఏటి సేస్తావు?"

మావయ్య నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. నాయనమ్మ పీట తెప్పించుకుని కూర్చుని, చుట్టతో చూపిస్తూ చెప్పింది. "బట్టీకి మూడే సంగతులు. అడుగు మాడాలి, నెత్తి సల్లగా ఉండాలి, ఆవిరి పక్కదారి పట్టకూడదు. ఈ పెట్టెకి అడుగు పెళ్ళికూతురు మొకంలా ఉంది. తెల్లటిదానికి ఎండ పడతాదేటి? తెల్లబట్ట కట్టుకుని మీరు గనికెందుకెల్తారు, ఎండ తగలకుండాకే కదా? ఎవులు సున్నమేసినోరు?"

అమ్మ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. నాయనమ్మ వదల్లేదు. "రాయే, సిగ్గుపడకు. సుబ్బరం కోసం సేసావు. నాను తాగే నీళ్ళకి సున్నమేసిన కోడలివి నువ్వే. ఇప్పుడు గోకు."

గోకాం. అమ్మ, నేను, తమ్ముళ్ళు, చిప్పలతో, గరిటలతో. తారు పూద్దామని మావయ్యంటే, నీళ్ళు రోడ్డు వాసనొస్తాయని నాయనమ్మ ఒప్పుకోలేదు. రైలింజన్లు కాల్చి పారేసిన నల్లటి చిట్టెపు బొగ్గు సైడింగు పక్కన గుట్టలుగా ఉండేది, నేను నాలుగు తట్టలు ఏరుకొచ్చాను. ఏడు నీళ్ళు కడిగి, తొట్టి నిండా పరిచి, అవి మునిగీ మునగకుండా నీళ్ళు పోశాం. చెంపకి ఆవిరి తగిలిన చోటల్లా కొత్త లప్పం. వెనకవైపు పెట్టె ఎత్తుకి ఇంకో రెండు రాళ్ళు, చుక్క మధ్యలో రాలకుండా జారడానికి. మిగిలింది నెత్తి. గని దుమ్ము గంటకో పొర అద్దం మీద వాలేది. తడిగుడ్డతో గంటకోసారి మెల్లగా తుడిస్తే దుమ్మూ పోతుంది, అద్దమూ చల్లబడుతుంది. ఆ గుడ్డ నాయనమ్మ ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు పదిగంటలకల్లా అద్దం లోపల మంచు పట్టింది. తర్వాత అది చిన్న చిన్న ముత్యాలైంది. ముత్యం పక్క ముత్యాన్ని కలుపుకుని, బరువెక్కి, ఒక్కసారిగా గీతలా జారేది, ఆ గీతని చూసి ఇంకోటి. వెదురుబద్దలోంచి కూజాలోకి పడే చుక్క చప్పుడు మొదట్లో టక్కుమని, కూజా నిండే కొద్దీ టుబుక్కుమని. మేం ఆటలు మానేసి చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం. నాకు లెక్క ఇరవై దాటి రాదు, ఇరవై అయితే మళ్ళీ ఒకటి నుంచి. సూర్యుడు దిగాక కూడా చుక్క ఆగలేదు, అద్దం చల్లబడి ఇంకా జోరందుకుంది. దీపాలు పెట్టే వేళకి కూజా మెడ దాకా వచ్చింది.

నేను ఆ సంబరంలో బావి దగ్గర హిందీ పిల్లలతో "మా నాయనమ్మ దారూ భట్టీ పెట్టింది" అని గొప్పలు చెప్పాను. ఇంకేముంది, మర్నాడు గని కాపలాదారు కర్రతో దిగాడు. "క్యా మాయీ, ఘర్‌మే దారూ?" అన్నాడు మీసం దువ్వుతూ. నాయనమ్మకి హిందీ ముక్క రాదు, అవసరం కూడా లేదు. గ్లాసు నింపి చేతికిచ్చింది. అతను వాసన చూశాడు, నాలిక తడిపాడు, ఆశగా గుటక వేశాడు, మొహం వేలాడేశాడు. "ఫీకా హై!"

"ఏటంటన్నాడే?"

"చప్పగా ఉందంటున్నాడు నాయనమ్మా."

"నిజమే, ప్రాణం లేని నీళ్ళు" అని, కూజాలో ఒక చిన్న చెంబుడు బావినీళ్ళు కలిపి మళ్ళీ ఇచ్చింది. ఈసారి గ్లాసు ఖాళీ చేసి, ఎండలో తిరిగొచ్చిన మనిషి కదా, ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత రోజూ ఆ వేళకి కర్ర అరుగుకి ఆనించి వచ్చేవాడు.

ఇక పప్పు. అమ్మ ఎండబట్టీ నీళ్ళు పోసి కందిపప్పు ఎక్కించింది. నేను పొయ్యి పక్కనుంచి కదల్లేదు. రెండు పొంగులొచ్చాయో లేదో, పప్పు విచ్చుకుని, ముద్దకట్టి, గరిట పెడితే గరిట నిలబడేలా అయింది. వాసన కూడా వేరు. ఊరి పప్పు వాసన అది, నాకు ఎప్పుడూ తెలియనిది. నాయనమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాలికతోనే నలిపింది. కళ్ళు తెరిచి, "ఉప్పు తక్కువైంది" అంది. అమ్మ ఏడ్చేసింది, నవ్వుతూనే.

అయినా ట్రంకు పెట్టె గోడవారనే ఉంది. అడగడానికి నాన్నకి ధైర్యం చాల్లేదు, నాకు అసలే లేదు. మట్టల ఆదివారం శామ్యేలు మావయ్య వాళ్ళు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ వరస ముందు నుంచి వెళ్ళారు, నేను వాళ్ళ పాటని శాపం పెట్టాను, దేవుడు మన్నించుగాక. బుధవారం పొద్దున్నే మావయ్య కొత్త చొక్కాతో, పిల్లల్తో, మూటల్తో మా గుమ్మంలో నిలబడ్డాడు. రాయపూర్ వెళ్ళి విజయనగరం బండి అందుకోవాలి.

"అత్తా, ఎల్దావా?"

జవాబు దొడ్డిలోంచి వచ్చింది. నాయనమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పీట మీద నిలబడి, పైకొస వరకూ వంగి అద్దం తుడుస్తోంది.

"ఎక్కడికి?"

"ఊరికి అత్తా. నువ్వే కదా వస్తానన్నావు."

"నానొస్తే ఈ బట్టీ ఎవులు సూస్తారు, నీ తాతా? నా కోడలు మళ్ళీ సున్నమేసేస్తాది. నువ్వెల్లు నాయినా. వచ్చేటప్పుడు మనూరి సుట్టలు రెండు కట్టలు అట్టుకురా."

నేను ఆ రోజు ఎన్ని బిందెలు మోశానో నాకు తెలీదు. పదిహేను మోసుంటాను. నేల మీద కాలు ఆనలేదు.

ఆవిడ పప్పు కోసం ఉండిపోయిందని మా నాన్న చచ్చేదాకా నమ్మాడు. నేను నమ్మలేదు. మర్యాద పేరు చెప్పి ముసలావిడని మంచం మీద కూర్చోబెట్టి చెయ్యి కట్టేశాం మేము. ఆ పెట్టె వచ్చాక చేతిలో గుడ్డ వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు నాయనమ్మదే ఆ దొడ్డి రాజ్యం. బాలింతలొచ్చేవారు, పసిపిల్లలకి ఉగ్గు కలపడానికి గ్లాసుడు తీసుకెళ్ళేవారు. జ్వరమొచ్చిన వాళ్ళింటికి తనే పంపేది, నచ్చని వాళ్ళకి "ఇయ్యాల మబ్బేసింది" అనేది, ఎండ పళ్ళికిలిస్తుండగా. వానాకాలం మాత్రం బట్టీకి సెలవు, వాననీళ్ళు పట్టేవాళ్ళం, ఆ రెండు నెలలూ ఆవిడకి నడుంనొప్పి. మధ్యలో రెండుసార్లు ఊరికెళ్ళింది. రెండుసార్లూ వారం తిరక్కుండా వచ్చేసింది. "నీళ్ళు తీపిగానే ఉన్నాయి, నాకక్కడ పనేటీ నేదు" అంది.

పోయిన వేసవిలో నా కోడలు స్కూటీ మీద నన్ను నందిని తీసుకెళ్ళింది. మా వరస లేదు. పన్నెండు క్వార్టర్లలో ఒక్క గోడ కూడా లేదు, సర్కారు తుమ్మ మొలిచింది, గనిలో ఒకవైపు నీళ్ళు నిండి పచ్చగా నిలబడ్డాయి. సైరనూ లేదు, అది విని కిటికీలు తీసే వాళ్ళూ లేరు. మా దొడ్డి ఇక్కడుండాలి అని అడుగులు లెక్కపెట్టుకుని ఒకచోట ఆగాను. మిట్టమధ్యాహ్నం, రాళ్ళు పేలిపోయేటంత ఎండ. "అమ్మా, చలియే, ధూప్ లగ్ జాయేగీ" అని, ఎండదెబ్బ తగులుతుందన్న భయంతో కోడలు పిలుస్తోంది. వస్తున్నాను అంటూనే, వంగి కాలిపోతున్న ఒక రాయి మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఇంత ఎండ, ఎవరూ పట్టుకోకుండా, ఊరికే పోతోందే అనిపించింది.